ఎడారి కథకు నీళ్ళెక్కడివి?

అరసికెరె అనగానే చాలామందికి హాసన జిల్లాలోని రైల్వే జంక్షన్ జ్ఞాపకం వస్తుంది. మా అరసికెరె అది కాదు. తుమకూరు జిల్లా, పావగడ తాలూకాలోనిది. కన్నడంలో "అరసి" అంటే రాణి, "కెరె" అంటే చెరువు. అనగా మా ఊరి పేరులోనే నీళ్ళున్నాయి. పేరులో ఉన్న నీళ్ళు ఊళ్ళో ఏమాత్రం ఉన్నాయో ఈ మెట్టసీమ సంగతి తెలిసిన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. మ్యాపులో చూస్తే మా తాలూకాకు మూడు దిక్కులా ఆంధ్రదేశమే. ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం. వానలు తక్కువ, బండలు ఎక్కువ.

ఇటువంటి చోట కూర్చుని నేను కల్పిత దేశాలను గురించి, అందులోనూ ఎడారులను గురించి వ్యాసం రాయడానికి కారణం మా మేనల్లుడు.

వాడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన వేసవిలో నాలుగు రోజులు సెలవు దొరికితే తనతో పనిచేసే నలుగురిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ముగ్గురు అబ్బాయిలు, ఒక అమ్మాయి. ఇద్దరికి కన్నడం, ఒకరికి తమిళం, ఆ అమ్మాయికి తెలుగు. రాత్రి భోజనాలయ్యాక వసారాలో చాప పరచి, కాగితాలు పరచి, ఒక సంచీలోనుంచి రంగురంగుల పాచికలు గుమ్మరించారు. మా అమ్మ తమలపాకులకు సున్నం రాస్తూ చూసి, "ఏమిరా, ఇంట్లో జూదమా?" అన్నది.

"జూదం కాదవ్వా, కథ!" అన్నాడు వాడు.

"కథకు పాచికలెందుకురా?"

ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకునేసరికి నాకు రెండు రాత్రులు పట్టింది. తెలుసుకున్నది పాఠకులతో పంచుకుంటాను.

ఆట సంగతి

1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అనే ఆటను ప్రచురించారు. అంతకు పూర్వం అక్కడ బొమ్మ సిపాయిలను బల్లమీద నిలబెట్టి యుద్ధాలు ఆడే సరదా ఉండేది. ఈ కొత్త ఆటలో ఒక్కొక్క ఆటగాడికి సైన్యం బదులు ఒక్క మనిషి మాత్రమే దక్కుతాడు. ఒకరు కత్తివీరుడు, ఒకరు మాంత్రికుడు, ఒకరు దొంగ, ఒకరు పూజారి. ఇంకొకడు ఆడడు, కథ నడుపుతాడు. "చీకటి పడింది. ఎదుట పాడుపడిన సత్రం. లోపల దీపం వెలుగుతున్నది. ఏం చేస్తారు?" అని అడుగుతాడు. మిగతావారు తమ తమ మనుషులు ఏం చేస్తారో చెబుతారు. చెప్పిన పని జరిగేదీ లేనిదీ అనుమానమైనప్పుడు పాచిక వేస్తారు. ఆ పాచికలు మన వాటివలె నాలుగు పలకలవి, ఆరు పలకలవి మాత్రమే కావు. ఎనిమిది, పది, పన్నెండు, చివరకు ఇరవై పలకలవి కూడా ఉన్నాయి.

బారాకట్టలో గవ్వలు ఎన్ని చెబితే కాయ అన్ని గళ్ళు నడుస్తుంది. వైకుంఠపాళిలో నిచ్చెన వస్తే ఎక్కవలసిందే, పాము నోట పడితే దిగవలసిందే. ఇందులో అట్లా కాదు. పాము ఎదురైతే కొడతాననవచ్చు, పారిపోతాననవచ్చు, దానితో మాట్లాడి చూస్తాననవచ్చు. హరికథ జరుగుతుండగా సభలోవారు లేచి, "దాసుగారూ, రాముణ్ణి ఆ లేడి వెంట పోనివ్వకండి" అని చెప్పగలిగితే, ఆ మాటకు తగినట్టు కథ మారిపోతే ఎట్లా ఉంటుందో, ఈ ఆట అట్లా ఉంటుంది.

ఇటువంటి కల్పన మనకు కొత్త కాదు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి "కాశీమజిలీ కథలు" ఏమిటి? కాశీయాత్రలో మజిలీ మజిలీకి ఒక కథ. 1947లో "చందమామ" మొదలైంది. ఆ తరువాత అందులో వచ్చిన దాసరి సుబ్రహ్మణ్యంగారి సీరియళ్ళలో అడవులు, గుహలు, మాంత్రికుల మధ్యనే మన ఇళ్ళలో పిల్లలు పెరిగారు. 1951లో "పాతాళభైరవి" చూసి వచ్చినవారు దాన్ని ఇప్పటికీ మరువలేదు. కనుక మా మేనల్లుడి ఆట మా అమ్మకు తొందరగానే అర్థమయింది. "ఓహో, తోటరాముడు ఏం చేయాలో మీరే చెప్పుకుంటారన్నమాట" అన్నది.

వేడి దేశాలు

ఈ ఆటలో సామాన్యంగా కథ జరిగే దేశం చల్లని దేశం. దేవదారు అడవులు, మంచు కొండలు, రాతికోటలు, పొయ్యి మండుతున్న పూటకూళ్ళ ఇళ్ళు. ఆట పుట్టినవారి దేశం అటువంటిది గనుక అది సహజమే. అయితే కొత్తదనం కోరి వారు మొదటినుంచీ వేడి దేశాలను కూడా కల్పించుకుంటూ వచ్చారు.

1981లో డేవిడ్ కుక్, టామ్ మోల్డ్‌వే రాసిన "ది ఐల్ ఆఫ్ డ్రెడ్" అనే సంపుటంలో దక్షిణ సముద్రాల నడుమ ఒక ఉష్ణదేశపు దీవి ఉన్నది. దట్టమైన అడవి, బురద, పీఠభూమి, బ్రహ్మాండమైన బల్లులు. ఆటగాళ్ళకు ఇచ్చే పటం చాలా భాగం ఖాళీ. ఆరు మూలల గళ్ళు మాత్రం గీసి ఉంటాయి. నడిచి చూసినకొద్దీ ఆ గళ్ళు నింపుకోవాలి. అంతవరకు ఆట ఎక్కువగా నేలమాళిగలలో జరిగేది. అడవిలో దారి వెదకడమే ఆటగా చేసిన పుస్తకాలలో ఇది ప్రసిద్ధమైనది.

1982లో ట్రేసీ హిక్‌మన్, లారా హిక్‌మన్ అనే దంపతులు రాసిన "ఫారో" వచ్చింది. అందులో ఒక రాజు శాపం వల్ల నది ఎండి దేశం ఎడారి అయిపోయింది. తన సమాధిని ఎవరైనా దోచుకుంటే తప్ప ఆ రాజు ప్రేతానికి విముక్తి లేదు. అందుచేత అతడే ఎదురువచ్చి, "నా గోరీ కొల్లగొట్టండి బాబూ" అని ప్రాధేయపడతాడు!

1991లో "డార్క్ సన్" అనే దేశం, 1992లో "అల్ ఖదీమ్" అనే దేశం వెలువడ్డాయి. రెండూ ఎడారులే గాని తూర్పుకూ పడమరకూ ఉన్నంత తేడా. రెండవది అరేబియన్ నైట్స్ కథలనుంచి పుట్టింది. భూతాలు, ఒంటెల బిడారులు, బజార్లు, అన్నిటికీ మించి అతిథి మర్యాద. ఇంటి ఉప్పు తిన్న అతిథికి కీడు చేయరాదు, అతిథి కూడా ఇంటివానికి ద్రోహం తలపెట్టరాదు. ఉప్పు తిన్న విశ్వాసమనే మాట మనకు తెలిసినదే గదా.

"డార్క్ సన్" సంగతి వేరు. అక్కడి లోకం చచ్చిపోతున్న లోకం. ఇనుము దొరకదు. కత్తులు ఎముకలతో, రాళ్ళతో చేసుకుంటారు. నాణేలు మట్టివి. ఎందుకట్లా అయిందంటే మంత్రాల వల్ల. మాంత్రికుడు మంత్రం వేసినప్పుడల్లా చుట్టూ ఉన్న పచ్చికలోని, చెట్లలోని ప్రాణాన్ని పీల్చుకుంటాడు. నేల బూడిద అవుతుంది. జాగ్రత్తగా కొంచెమే తీసుకునేవారు కొందరు, ఏమైతే మాకేమని మొత్తం పీల్చేవారు కొందరు. ఈ రెండవ జాతివారు ఎక్కువై లోకం ఎడారి అయింది. ఈ సంగతి వినగానే నేను ఉలిక్కిపడ్డాను. కారణం తరువాత చెబుతాను.

2017లో వచ్చిన "టూమ్ ఆఫ్ ఎనయిలేషన్" మళ్ళీ ఉష్ణదేశపు అడవి కథ. అందులో బయలుదేరే ముందు అంగట్లో కత్తులతోబాటు పురుగులు కుట్టకుండా పూసుకునే మందు, వాననీళ్ళు పట్టుకునే గుడ్డ కూడా కొనుక్కోవాలి. ఇటువంటి చిన్న విషయాలతోనే దేశం నిజమనిపిస్తుంది.

వీటన్నిటిలోనూ ఒక లోపం ఉన్నది. రాసినవారు చాలామంది ఆ వేడి దేశాలలో పుట్టినవారు కారు. అందుచేత ఎడారి అంటే ఇసుక, పిరమిడ్డు, శవం. ఉష్ణదేశం అంటే అడవి, బల్లి, డోళ్ళు కొట్టే మనుషులు అని ఒక మూస ఏర్పడిపోయింది. అక్కడ అత్తాకోడళ్ళు ఉంటారని, చేదబావి దగ్గర గొడవలుంటాయని తోచదు. ఈ లోటు కొంత తీర్చడానికే కాబోలు, 2022లో "జర్నీస్ త్రూ ది రేడియంట్ సిటడెల్" అనే పుస్తకం వేశారు. పదమూడు సాహసకథలు, ఆయా దేశాల మూలాలున్నవారే రాసినవి. అందులో మిమీ మొండల్ అనే వంగ రచయిత్రి తన నదుల దేశాన్ని తలపించే దేశం ఒకటి కల్పించింది. తెలుగు మెట్టసీమ ఎక్కడా లేదని మా మేనల్లుడు చెప్పాడు.

నీళ్ళ లెక్క

ఆ రాత్రి వాడు నడపబోయే కథ కూడా ఎడారి కథే. పటం గీసుకుని వచ్చాడు. మూలకు ఒక నగరం, ఇంకో మూలకు శిథిలమైన గుడి, మధ్య ఐదు రోజుల ప్రయాణం, అంతా ఇసుక. నేను కళ్ళజోడు సవరించుకుని చూశాను. ఆఫీసులో ఇరవై ఏళ్ళుగా లెక్కలు రాస్తున్నవాణ్ణి, ఊరికే ఉండలేకపోయాను.

"మరి వీళ్ళకు నీళ్ళెక్కడివిరా?"

"దానికి రూలుంది మామా. మనిషికి రోజుకొక గాలను. ఎండ ఎక్కువైతే రెండు. చాలకపోతే నీరసం, ఇంకా చాలకపోతే చావు."

ఆట పుస్తకంలో నిజంగానే అట్లా ఉన్నది. నూరు డిగ్రీల ఫారన్‌హీటు దాటిన ఎండలో నీళ్ళు లేకుండా తిరిగితే గంటగంటకూ పాచిక వేసి తట్టుకోవాలి. గంట గడిచినకొద్దీ తట్టుకోవడం కష్టమవుతుంది. ఇనుప కవచం తొడిగినవాడికి మరీ కష్టం. న్యాయమైన రూలే. నేను కాగితం తీసుకుని లెక్క వేశాను. నలుగురు మనుషులు, రోజుకు రెండేసి గాలన్లు, ఐదు రోజులు. మొత్తం నలభై గాలన్లు. అమెరికా గాలను 3.8 లీటర్లకు కొంచెం తక్కువ గనుక సుమారు 150 లీటర్లు. అంటే 150 కిలోల బరువు, తలా 37 కిలోలు పైచిలుకు. ఇంకా కుండల బరువు, జంతువుల దాహం లెక్కలోకి రానే లేదు.

"ఎవరి నెత్తిన పెడతావు?" అన్నాను.

వాడు నవ్వి, "పూజారి దగ్గర మంత్రముంది మామా. ఒక్కసారి చదివితే పది గాలన్లు వస్తాయి" అన్నాడు.

"అట్లయితే ఆ పూజారిని రేపు పొద్దున మన ఊళ్ళో దిగబెట్టి పోరా. పంచాయతీవాళ్ళు దండ వేస్తారు" అన్నది మా అమ్మ.

అందరూ నవ్వారు. కాని నవ్వు తగ్గాక వాడు ఆలోచనలో పడ్డాడు. మంత్రంతో నీళ్ళు వస్తే ఇక ఎడారి ఎందుకు? ఎడారి అని పేరు పెట్టి నీళ్ళ బాధ తీసేస్తే మిగిలేది ఎర్రమట్టి రంగు మాత్రమే. మంత్రం లేకపోతే ఎవరూ ఐదు రోజుల నీళ్ళు మోయలేరు. కనుక నీళ్ళున్న చోటినుంచి నీళ్ళున్న చోటికి నడవాలి. దారి తిన్నగా పోదు, బావుల వెంట పోతుంది. ఎడారి పటం అంటే బావుల పటం. కాశీయాత్రలో మజిలీలు ఎక్కడ? చెరువు, బావి, సత్రం ఉన్నచోట. నీళ్ళుంటేనే మజిలీ, మజిలీ ఉంటేనే కథ. బావి ఎవరిది, ఎవరిని తోడుకోనిస్తారు, ఎవరిని దూరంగా నిలబెడతారు, దానికి బదులేమి అడుగుతారు అనేవి రాగానే రాక్షసుడు లేకపోయినా కథ నడుస్తుంది.

ఉష్ణదేశపు అడవిలో ఇందుకు వ్యతిరేకం. మన రాష్ట్రంలోనే ఆగుంబెలో ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు మించి వాన కురుస్తుంది. మా వైపు 500, 600 మిల్లీమీటర్లు పడితే ఆ ఏడు మంచి ఏడే. ఆగుంబెవంటి చోట కథ నడిపేవాడు నీళ్ళ కొరత గురించి బెంగపడనక్కరలేదు. అక్కడ శత్రువు తడి. కట్టెలు మండవు, బియ్యం బూజు పడుతుంది, చెప్పులు కుళ్ళుతాయి, కాళ్ళకు జలగలు పడతాయి, గాయం మానదు, నాలుగడుగుల అవతల ఏమున్నదో కనిపించదు. ఎడారిలో నీళ్ళు దాచుకోవాలి, అక్కడ నిప్పు దాచుకోవాలి. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే రెండు దేశాలూ ఒకదానిలాగా ఒకటి ఉండవు.

మన సీమలో ఉన్న సరుకు

"ఇసుక నేను చూడలేదు మామా. సినిమాలో చూసి గీసినాను" అని ఒప్పుకున్నాడు మా వాడు.

"మరి చూసినదాన్ని గీయకూడదా?" అన్నాను.

మరునాడు వాళ్ళను వెంటబెట్టుకుని తిరిగాను. మాది ఇసుక ఎడారి కాదు. రాళ్ళ మెట్ట. కాని అటువంటి కథకు కావలసినదంతా ఉన్నది. నిడుగల్లు కొండమీద కోట చూపించాను. నిడుగల్లు చోళులని చరిత్రలో పేరున్నవారు ఏలిన చోటు. ఇటువంటి కొండకోటలలో ప్రాణం నిలిపేవి దొణలు. బండలో వాననీరు నిలిచే గుంటలు. దొణ ఎండితే కోట లొంగుతుంది. ఏనుగులు, ఫిరంగులు తరువాతి మాట.

నాగలమడక వెళ్ళాము. ఉత్తర పినాకిని, అనగా మన పెన్న, అక్కడ ప్రవహిస్తుంది. ప్రవహిస్తుంది అనడం మాటవరసకు. ఏడాదిలో చాలాకాలం ఇసుకే. కుక్కె ఆది సుబ్రహ్మణ్యం, ఘాటి మధ్య సుబ్రహ్మణ్యం, నాగలమడక అంత్య సుబ్రహ్మణ్యం అని భక్తులు చెప్పుకుంటారు. ఎండిన ఏటిలో ఇసుక తవ్వితే నీరూరే గుంటను చెలమ అంటారు. ఇది ఆ పిల్లలలో ఒక్కరికీ తెలియదు. కన్నడం అబ్బాయి ఇసుకలో మోచేతిదాకా చెయ్యి పెట్టి, తడి తగలగానే కేక వేశాడు. "ఇదే మంత్రం సార్!" అన్నాడు.

కొండలలో ఎలుగుబంట్లున్నాయి. పక్కన మధుగిరి తాలూకా మైదనహళ్ళి బయళ్ళలో కృష్ణజింకలున్నాయి. మహాసర్పం అక్కరలేదు. సందెవేళ సీతాఫలం పొదలోనుంచి ఎలుగు లేచి నిలబడితే చాలు, కత్తివీరుడి పస తేలిపోతుంది.

చిత్రమైన చెరువు కూడా చూపించాను. తిరుమణి చుట్టుపక్కల ఐదు గ్రామాలలో సుమారు 13,000 ఎకరాలలో ఎండతో విద్యుత్తు చేసే పలకలు పరిచారు. 2018లో మొదటి భాగం మొదలై 2019 చివరకు 2,050 మెగావాట్లకు పూర్తి అయింది. రైతులు భూమి అమ్మలేదు, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి గుత్తకిచ్చారు. వానను నమ్మి వేరుసెనగ వేయడం కంటే ఇది నయమన్నవారున్నారు. కూలిపని పోయిందని బాధపడినవారూ ఉన్నారు. దూరం గట్టు మీదినుంచి చూస్తే ఆ పలకలు నీలంగా నిండు చెరువులాగా మెరుస్తాయి. దగ్గరికి పోతే చుక్క నీరు లేదు. మా వాడు తన పుస్తకంలో "నీళ్ళు కాని చెరువు" అని రాసుకున్నాడు.

తిరిగి వస్తూ ముసలమ్మ కథ చెప్పాను. మాకు ఉత్తరాన అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువుకట్ట తెగబోతే, ఊరికోసం కోడలు ముసలమ్మ కట్టకు బలి అయిందని చెప్పే కథ. కట్టమంచి రామలింగారెడ్డిగారు దాన్ని "ముసలమ్మ మరణము" అనే కావ్యంగా రాశారు. కన్నడంలోనూ భాగీరథి అనే కోడలి కథ ఇటువంటిదే "కెరెగె హార" అనే జానపద గీతంగా ఉన్నది. రెండు భాషలవారికీ చెరువంటే ఎంత భయమో, ఎంత ప్రాణమో ఇందులో తెలుస్తుంది. అంతా విని ఆ అమ్మాయి, "ఆ కోడలు వద్దంటే ఏమయ్యేదో ఈ ఆటలో అడగవచ్చు గదా అంకుల్" అన్నది. నాకు వెంటనే జవాబు తోచలేదు. నిజమే, అడగవచ్చు.

రెండవ రాత్రి

ఆ మధ్యాహ్నం మా చేనికి పోయాము. అక్కడ మా తాత కపిల తోలిన బావి ఉన్నది. మర్రిబావి అంటాము. నేను చిన్నప్పుడు ఈత నేర్చుకున్నది అందులోనే. ఇప్పుడు అడుగున రాళ్ళు, తుమ్మచెట్టు మాత్రమే ఉన్నాయి. "ఎందుకు ఎండిపోయింది?" అని అడిగారు.

ఉన్నమాట చెప్పాను. చుట్టూ బోర్లు వేశారు. ఒకరు రెండు వందల అడుగులు పోతే పక్కవారు నాలుగు వందలు పోయారు. ఎవరి బోరులో నీళ్ళు పడితే వారికి పండుగ. ఆ నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నవని ఎవరూ అడగలేదు. మేము కూడా వేయించాము. రెండు వేయించాము. మర్రిబావి ఎండిపోవడంలో మా వంతు మాకున్నది. "డార్క్ సన్" మాంత్రికుల సంగతి విని నేను ఉలిక్కిపడింది ఇందుకే.

మా మేనల్లుడు మాట్లాడలేదు. సాయంత్రం ఒక్కడే కూర్చుని పాత పటం చింపి కొత్తది గీశాడు. రాత్రి ఆట మొదలుపెట్టే ముందు ఒకే ఒక కొత్త రూలు చెప్పాడు. "నీళ్ళ మంత్రం ఎన్నిసార్లయినా చదువుకోండి. అడ్డు లేదు."

వాళ్ళు చదివారు. మొదటి రోజు ఒకసారి, రెండవ రోజు రెండుసార్లు. మూడవ రోజు గుర్రాలను కడగడానికి కూడా ఒకసారి చదివారు. నాలుగవ రోజు ఒక ఊరు చేరారు. ఊళ్ళో జనం బావిచుట్టూ నిలబడి ఉన్నారు. పొద్దున్నకు నాలుగు నిలువుల నీళ్ళున్న బావి మూడు రోజులలో ఎండిపోయింది. ఎందుకో వాళ్ళకు తెలియదు. అప్పుడు చెప్పాడు మా వాడు: మంత్రంతో వచ్చిన నీళ్ళు ఆకాశంనుంచి ఊడిపడవు. దగ్గరలో ఉన్న బావిలోనుంచి వస్తాయి.

వసారాలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. దొంగ పాత్ర వేసిన అబ్బాయి, "రాత్రికి రాత్రి వెళ్ళిపోదాం" అన్నాడు. కత్తివీరుడు, "మన దగ్గర నూరు బంగారు నాణేలున్నాయి, ఇచ్చేద్దాం" అన్నాడు.

"బంగారం తాగుతారా నాయనా?" అన్నది మా అమ్మ. అప్పటికి ఆమె చాపమీదికి జరిగి కూర్చున్నది.

పూజారి పాత్ర ఆ అమ్మాయిది. మంత్రం చదివింది తనే. చాలాసేపు ఆలోచించి, "ఊరికి చెరువుందా?" అని అడిగింది. ఉన్నది, పూడిపోయి ఉన్నదన్నాడు మా వాడు. "అయితే మేము పోము. వానాకాలందాకా ఇక్కడే ఉండి పూడిక తీస్తాము" అన్నది. మిగతావాళ్ళు గొణిగారు. శిథిలమైన గుడిలో నిధి వాళ్ళకోసం కాచుకుని ఉన్నదాయె. చివరకు ఒప్పుకున్నారు. కత్తివీరుడు పార పట్టాడు. దొంగ ఊరివాళ్ళను పోగుచేశాడు. ఎడ్లబండ్లెన్ని, తట్టలెన్ని, తీసిన ఒండ్రుమట్టి ఎవరి చేలకు తోలాలి, తూము ఎక్కడ సరిచేయాలి అని నన్నూ మా అమ్మనూ అడిగి అడిగి రాసుకున్నారు. ఒక్క కత్తి దూయకుండా రెండు గంటలు ఆట సాగింది. మా అమ్మ తెలిసినదంతా చెప్పింది. ఆమె ఆ మాటలు ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

మూడు నెలలు గడిచాయి. వానాకాలం వచ్చింది. వాన పడిందా లేదా అన్నది పాచిక చెప్పాలి. ఇరవై పలకల పాచికలో పదిహేను గాని అంతకు పైన గాని పడితే చెరువు నిండుతుంది. అమ్మాయి పాచికను మా అమ్మ చేతిలో పెట్టింది. అవ్వ కళ్ళకద్దుకుని వేసింది.

ఏడు పడింది.

పిల్లల ముఖాలు వాడిపోయాయి. ఇంకొకసారి వేయవచ్చునా అని ఒకడు అడిగాడు. మా వాడు తల అడ్డంగా ఆడించాడు. మా అమ్మ ఒక్కతే మామూలుగా ఉన్నది. ఇటువంటి ఏళ్ళు ఎన్ని చూసిందో!

"పోనీలేండి నాయనా. పూడిక తీసినారు గదా, అది యాడికీ పోదు. వచ్చే ఏడు వస్తాది" అన్నది.

తెల్లవారి వాళ్ళు బస్సెక్కారు. మా వాడు ఆ కొత్త పటం మా ఇంట్లోనే విడిచిపోయాడు, నకలు తీసుకున్నానన్నాడు. విప్పి చూశాను. నిడుగల్లు దొణలున్నాయి, పెన్న చెలమలున్నాయి, నీళ్ళు కాని చెరువున్నది. ప్రతి మజిలీకి ఒక బావి, దాని పేరు, దాని లోతు రాశాడు. నడుమ ఒకచోట "మర్రిబావి, మూడు నిలువుల నీళ్ళు" అని ఉన్నది.

మన కుటుంబాలు తరతరాలుగా ఈ సీమలలో స్థిరపడ్డాయి. పిల్లలు దూరంగా ఉన్నారు, సెలవులకు వచ్చిపోతుంటారు. ఈసారి వచ్చినప్పుడు వాళ్ళు ఇటువంటి కాగితాలు, పాచికలు పరచుకుంటే జూదమని కసురుకోకండి. పక్కన కూర్చుని, "నీళ్ళెక్కడివి?" అని ఒక్క ప్రశ్న అడగండి. మీ ఊరి బావుల పేర్లు జ్ఞాపకమున్నంతవరకు చెప్పండి. వాళ్ళు రాసుకుంటారు. మా అమ్మ మాత్రం వచ్చే ఏటి వానకు పాచిక తనే వేయాలని అప్పుడే మాట తీసుకుంది.